రెండో ముల్లు

వేణిని తుర్మన్ లోయకు పంపుతూ ఉత్తర్వు వచ్చిన ఆదివారం, ఆమె అమ్మమ్మ ఎర్నమ్మ పెరట్లో పీట వేసుకుని చేపలు తోముతోంది. ఉత్తర్వు మీద సంతకం వేణి మేనమామ గవరయ్యది. ఆయన బర్నాబి దీవికి విదేశాంగ మంత్రి. ప్రతి ఆదివారం లాగే ఆ రోజు కూడా చెల్లెలి ఇంటికి భోజనానికి వచ్చి, చెప్పులు బయట విడిచి, తల్లి పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

“సంతకం నువ్వే పెట్టినావట,” అంది ఎర్నమ్మ తలెత్తకుండా.

“నేను కాకపోతే ఎవరు పెడతారమ్మా? ఈ దేశంలో మంత్రులమే ఆరుగురం.”

“ఆరుగురిలో ఇంకెవుడికీ మేనకోడలు లేదేటి?”

వేణి నవ్వింది. “నేనే అడిగి వేయించుకున్నాను అమ్మమ్మా. మావయ్యనేమీ అనకు.”

“నువ్వడిగితే? చిన్నప్పుడు పాముని పట్టుకుంటానని అడిగినావు. ఇచ్చినామేటి?”

వంటింట్లో సీమపనస ముక్కలు వేపుతున్న వేణి తల్లి నూకాలుకు ఈ మాటలన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. ఆమె మూకుడులో గరిటె తిప్పింది. తర్వాత వచ్చే మాట తన గురించేనని ఆమెకు తెలుసు.

“నీ చెల్లి ఏటో మిషను చేసినాది,” అంది ఎర్నమ్మ. “ఆ మిషను ముల్లు కుడికి తిరిగిందంటే, నా మనవరాలు చేత కర్రయినా లేకుండా తుపాకుల మజ్జన నిలబడాల. ఇదెక్కడి ఉజ్జోగం రా నాయనా.”

“తుపాకులు లేవమ్మా ఇప్పుడు. ఒప్పందమైంది.”

“ఒప్పందమైతే కాపలా దేనికి?”

గవరయ్య దగ్గర దీనికి సమాధానం ఉంది. ప్రపంచ దేశాల మండలిలో ఆ సమాధానాన్ని ఆయన చాలాసార్లు చెప్పాడు. బర్నాబి జనాభా లక్షా పదివేలు. నూటయాభై ఏళ్ళ కిందట చెరుకు తోటల పనికి ఓడల్లో వచ్చిన తెలుగువాళ్ళ సంతానం అందులో సగం. సైన్యం లేదు, చమురు లేదు, ఎవరితోనూ శత్రుత్వం లేదు. పెద్ద దేశాలు శాంతి కోసం సైన్యాన్ని పంపితే ఆ సైన్యం ఎవరిదని రెండు వైపులా అనుమానిస్తారు. బర్నాబి పంపేది ఆయుధం లేని కావలి దళం. తెల్ల చొక్కాలు, ఒక రేడియో, ఒక నోటుపుస్తకం. వాళ్ళ పని వంతెన దగ్గర నిలబడి చూడడం. ఎవరు మాట తప్పారో రాయడం. ఇప్పటికే మూడు దేశాల్లో మూడు సరిహద్దుల మీద ఆ పిల్లలు నిలబడి ఉన్నారు. ఎక్కడా ఒక్కరికీ దెబ్బ తగల్లేదు.

అయితే ఈ సమాధానం తల్లికి చెప్పేది కాదు. అందుకని గవరయ్య లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

* * *

దళం ఆయుధం లేకుండా నిలబడగలగడానికి కారణం నూకాలు చేసిన యంత్రం.

ఆమె ప్రభుత్వాసుపత్రిలో మాట, వినికిడి విభాగం డాక్టరు. ఏడేళ్ళ కిందట సూరన్న అనే పడవ సరంగు పక్షవాతంతో ఆమె దగ్గరకు వచ్చాడు. నీళ్ళను నీళ్ళనలేడు, భార్య పేరు పలకలేడు. కానీ నర్సుతో ‘మేము తిన్నాం’ అనేవాడు, భార్యతో ‘మనం ఇంటికి పోదాం’ అనేవాడు. ఆ రెండు మాటలూ ఒక్కసారీ తారుమారు కాలేదు. నూకాలు అతని తలకు మెదడు గీతలు చూపే పట్టీ కట్టి చూసింది. మెదడులో మనం ఒకచోట పుడుతోంది, మేము ఇంకొకచోట పుడుతోంది. మనం పుడితే కుడికి తిరిగేలా ఒక ముల్లు అమర్చింది. తర్వాత ఓడరేవుకు వచ్చే పరదేశీలను బతిమాలి వాళ్ళ తలలకూ కట్టింది. ఆ రెంటికీ ఒకే మాట వాడే భాషల వాళ్ళ తలల్లో కూడా అవి వేరువేరుగానే పుడుతున్నాయి. పెదవి దగ్గరకు వచ్చేసరికే ఒకటవుతున్నాయి.

ఆమె దాన్ని ఒక వింతగా ఆదివారం భోజనాల దగ్గర చెప్పింది. గవరయ్య చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. “అంటే, ఇద్దరు శత్రువులు రెంటికీ ఒకే మాట ఉన్న భాషలో ఒప్పందం చదువుతూ ‘మేం కట్టుబడి ఉంటాం’ అంటే, ఆ మాటలో ఎదుటివాడు ఉన్నాడో లేడో నువ్వు చెప్పగలవా?”

“ముల్లు కుడికి తిరిగితే ఉన్నట్టు,” అంది నూకాలు.

తుర్మన్ లోయ ఒప్పందం నాటికి యంత్రం నాలుగేళ్ళు పనిచేసి పేరు తెచ్చుకుంది. ఎగువ సైన్యం, దిగువ సైన్యం పదకొండేళ్ళు కొట్టుకున్నాయి. ఇద్దరు కర్నళ్ళు ఎదురెదురుగా కూర్చుని ఇరవై ఏడు నిబంధనలు గట్టిగా చదివారు. ఒకరి ముల్లు ఒకరికి కనబడేలా యంత్రాలు పెట్టడం గవరయ్య ఆలోచన. మొదటి నిబంధన నుంచీ రెండు ముళ్ళూ కుడి చివరకు వెళ్ళి అక్కడే నిలిచాయి. అంత బలమైన మనం నూకాలు ఎక్కడా చూడలేదు, కొత్త పెళ్ళివాళ్ళ దగ్గర కూడా. చదవడం అయ్యాక కర్నళ్ళు ఒకరి ముల్లును ఒకరు చాలాసేపు చూసుకున్నారు. తర్వాత నవ్వుకున్నారు. ఆ నవ్వు ఫొటో ప్రపంచమంతా పత్రికల్లో వచ్చింది. నూకాలు దాన్ని కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించింది.

* * *

వేణి గురువారం గురువారం ఫోన్ చేసేది. కావలి దళం పద్దెనిమిది మంది లోయలో బడి పక్క ఇంట్లో ఉంటున్నారు. లోయ జనం ఆరువేల మంది. వాళ్ళు ఎగువవాళ్ళూ కారు, దిగువవాళ్ళూ కారు, మేకలు కాస్తారు, గోధుమ వేస్తారు. బడిలో వంట చేసే ఇస్మా అనే ముసలామె వేణికి రొట్టె చేయడం నేర్పుతోంది.

“నీకేటే, అన్నం ఉడకబెట్టడమే రాదు,” అని ఎర్నమ్మ ఫోన్లోకి అరిచేది. దూరం ఎంతైతే అంత గట్టిగా మాట్లాడాలని ఆమె నమ్మకం.

“ఆవిడా ఇదే అంటోంది అమ్మమ్మా, వాళ్ళ భాషలో.”

“మంచిదే ఐతే.”

వేణి వెళ్ళిన ఐదో నెలలో పెరటి గది అద్దెకు అడుగుతూ ఒక జంట వచ్చింది. అతను బడిపంతులు, ఆమె కడుపుతో ఉంది. ఉత్తరపు దీవి నుంచి బదిలీ మీద వచ్చారు. ఎర్నమ్మ వాళ్ళను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. అమ్మాయికి ఎన్నో నెల అని అడిగింది, పులుపు తినమంది. తర్వాత చాలా ప్రేమగా అడిగింది.

“మనోళ్ళేనా బాబూ?”

అతను తన ఇంటిపేరు చెప్పాడు. ఎర్నమ్మ ముఖంలో ప్రేమ ఏమీ తగ్గలేదు. “అయ్యో, గది నిన్ననే ఇచ్చీసినాము నాయనా,” అంది.

వాళ్ళు వెళ్ళాక నూకాలు గ్లాసులు తీస్తూ, “ఎవరికిచ్చామమ్మా?” అని అడిగింది.

“ఎవుళ్ళకీ ఇవ్వలేదు.”

“మరి?”

“ఏటే, కొత్తగా అడుగుతావు? మనోళ్ళా అని అడగడమే అందుకు. కానోళ్ళు లేకపోతే అడగడం దేనికి?”

నూకాలు గ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

మర్నాడు చెవి పరీక్ష అని చెప్పి తల్లిని ఆసుపత్రికి తీసుకువెళ్ళింది. పట్టీ కట్టి, ఊళ్ళో వాళ్ళ ఇంటిపేర్లు ఒక్కొక్కటే చదువుతూ, మనోళ్ళేనా అని అడగమంది. ముల్లు ప్రతిసారీ కుడికి తిరిగింది. అది ఆమె ఎదురుచూసినదే. ఆమె వెతుకుతున్నది గీతల్లో ఇంకో చోట ఉంది. మనం పుట్టిన క్షణంలోనే, దాని వెనకగా చిన్న మొన ఒకటి లేస్తోంది. తమవాళ్ళది కాని ఇంటిపేరు వచ్చినప్పుడల్లా ఆ మొన నిటారుగా లేచింది. ఆ మొనను నూకాలు ఏడేళ్ళుగా చూస్తూనే ఉంది. పళ్ళు బిగించినప్పుడు దవడ కండరాల వల్ల వచ్చే గీత అనుకుని, ప్రతి పరీక్షలోనూ దాన్ని తుడిచేసే ఏర్పాటు తనే చేసింది.

తర్వాత పది రోజుల్లో నలభై మందిని పరీక్షించింది. దంపతులను, జట్టుగా ఆడేవాళ్ళను, ఒకే గుడి కమిటీ వాళ్ళను. మనం ఎంత బలంగా ఉంటే ఆ మొన అంత ఎత్తుగా ఉంది. ఎవరినో బయటకు నెట్టకుండా పుట్టిన మనం నలభై మందిలో ఒక్కరి దగ్గరా దొరకలేదు. మనం మంచి మాట అనే నమ్మకంతోనే ఆమె పెరిగింది. ఆ నమ్మకంతోనే యంత్రం చేసింది.

పదకొండో రోజు తుర్మన్ ఒప్పందం నాటి గీతలు తీసింది. తుడిచిన మొనలను తిరిగి పైకి తెచ్చి, ఇరవై ఏడు నిబంధనల మాటల పక్కన పెట్టింది. నది దగ్గర ఏమీ లేదు. వంతెన దగ్గర ఏమీ లేదు. కావలి దళం అన్న మాట దగ్గర ఏమీ లేదు. లోయ ప్రజలు అన్న మాట తొమ్మిదిసార్లు వచ్చింది. తొమ్మిదిసార్లూ ఇద్దరి మొనలూ ఒకేసారి, ఒకే ఎత్తుకు లేచాయి.

* * *

గవరయ్య ఆఫీసు కిటికీలోంచి ఓడరేవు కనిపిస్తుంది. ఆయన గీతలు చూశాడు, చెల్లెలు చెప్పింది విన్నాడు. మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. నూకాలుకు భయం వేసింది.

“నీకు ముందే తెలుసా?”

“ఇది తెలీదు. పోయిన నెల ఇద్దరూ కలిసి లోయలో ఆనకట్టకు అప్పు అడిగారు. కరెంటు రెండు వైపులకీ. మునిగే ఊళ్ళ సంగతి కాగితంలో లేదు. అప్పుడే కొంచెం అనుమానం వచ్చింది.”

“పదకొండేళ్ళు కొట్టుకున్నది ఒకరినొకరు నమ్మకనే అన్నయ్యా. ఒకడు లోయ మీద పడితే రెండోవాడు వెనకనుంచి పొడుస్తాడని భయం. ఆ భయం మనమే తీసేశాం. వాడి ముల్లు వీడికి, వీడి ముల్లు వాడికి చూపించి.”

గవరయ్య కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “మండలికి ఫోన్ చేస్తాను. బయట కూర్చో.”

గంటన్నర తర్వాత పిలిచాడు. ఆయన ముఖం చూసి నూకాలు కూర్చోకుండా నిలబడింది.

“మొదటి ముల్లు ఒప్పుకున్న పద్ధతట. రెండో ముల్లుకి, అంటే నువ్వు చూపిన మొనకి, పద్ధతి లేదట. పద్ధతి తయారు చేయడానికి ఉపసంఘం వేస్తారు. రెండు నెలలు.”

“ఈ లోపల?”

“ఈ సంగతి బయటకు చెబితే మిగతా మూడు సరిహద్దుల్లో కూడా ఒప్పందాలు పోతాయన్నారు. అక్కడ మన పిల్లలు యాభై నలుగురున్నారు నూకాలూ. అది అబద్ధం కాదు.” కిటికీ వైపు తిరిగాడు. “ఇద్దరు కర్నళ్ళతోనూ మాట్లాడాను. శిక్షణ కోసం కావలి దళాన్ని పది రోజులు వెనక్కి పిలుస్తున్నామన్నాను. ఎందుకని ఇద్దరూ అడగలేదు. రేపు మధ్యాహ్నం బస్సు పంపడానికి ఒప్పుకున్నారు.”

“ఆరువేల మంది అన్నయ్యా.”

“నా దగ్గర ఒక బస్సుంది.”

ఓడరేవులో క్రేను ఏదో దించుతోంది. గవరయ్య కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

“వేణి నీకు ఫోన్ చేస్తుంది. శిక్షణ అని చెప్పు. అంతకంటే ఒక్క ముక్క చెప్పకు. చెబితే అది బస్సెక్కదు. దాని సంగతి నీకు తెలీదా?”

“తెలుసు,” అంది నూకాలు.

* * *

మర్నాడు గురువారం కాకపోయినా పదింటికి ఫోన్ మోగింది. ఎర్నమ్మ వరండాలో చింతపండు గింజలు తీస్తోంది. నూకాలు ఫోన్ తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

“అమ్మా, శిక్షణంట. పద్దెనిమిది మందినీ ఒకేసారి రమ్మన్నారు. వంతెన దగ్గర ఎవరుంటారు?”

“పది రోజులే కదే. సామాను సర్దుకున్నావా?”

“పొద్దున్న ఎగువ సైన్యం లారీ ఒకటి దిగువ బంకు దగ్గర డీజిల్ పట్టించుకుంది. నేను చూశాను. డ్రైవర్లు బీడీ పంచుకున్నారు. బానే ఉంది కదా, స్నేహం. మరి ఇస్మా పొద్దుటి నుంచీ మేకలన్నిటినీ ఇంట్లోకి తోలి తలుపేసుకుంది. ఏమైందంటే చెప్పట్లేదు.”

“బస్సెన్నింటికి?”

“రెండింటికి. అమ్మా, నేనడిగింది చెప్పు.”

“వచ్చాక మనం మాట్లాడుకుందాం.”

వేణికి ఆరేళ్ళప్పటి నుంచీ తల్లి అబద్ధం చెబితే తెలుస్తుంది. ఆ పిల్లకు పట్టీ అక్కర్లేదు.

“నీ గొంతేంటి అలా ఉంది? యంత్రంలో ఏమన్నా తేడా వచ్చిందా?”

నూకాలు స్టవ్వు ఆర్పింది. లేదు అంటే చాలు. ఒక్క మాట. పాలు పొంగుతున్నాయనో, ఎవరో పిలుస్తున్నారనో చెప్పి పెట్టేసినా చాలు. కానీ రేపు ఆ పిల్ల ఇంటికి వచ్చి, పత్రికలో లోయ వార్త చదివి, నీకు తెలుసా అమ్మా అని అడుగుతుంది. అప్పుడు ఏం చెప్పాలో నూకాలు రాత్రంతా ఆలోచించింది. దొరకలేదు.

“తేడా రాలేదే,” అంది. “నేనే సగం చదివాను.”

అంతా చెప్పింది. మొన, తొమ్మిదిసార్లు, ఆనకట్ట, ఉపసంఘం. లోయలో అందరికీ చెప్పు, వాళ్ళనీ ఎక్కడికైనా పొమ్మను అంది. లోయకు రెండే దారులని వేణి చెప్పింది. ఒకటి ఎగువకు, ఒకటి దిగువకు.

“మావయ్య ప్రయత్నించాడే. బస్సే దొరికింది. నువ్వు ఎక్కు. నా తల్లివి కదా, ఎక్కు. నువ్వుండి చేసేదేముంది? నీ చేతిలో కర్రయినా లేదు.”

“నోటుపుస్తకం ఉంది,” అంది వేణి. తర్వాత అక్కడ ఎవరితోనో ఆ భాషలో ఏదో అంది. ఒక ముసలి గొంతు జవాబిచ్చింది. మేక అరిచింది.

“అమ్మా, మిగతా పదిహేడు మందినీ పంపేస్తాను. మేము ఇక్కడే ఉంటాం.”

“మేమంటే ఎవరే?”

ఏ భాషవాళ్ళైనా ఆ ప్రశ్న అడగవచ్చు. కానీ ఆ మాటలో తను లేదని, ఎప్పటికీ ఉండబోదని తెలిసి అడగడం నూకాలు భాషవాళ్ళకే సాధ్యం.

“ఇస్మా,” అంది వేణి. “ఇస్మా కోడలు దరీ. దరీ పిల్లలు ఇద్దరు, నూర్, బెక్. బడి పంతులు ఒమార్. ఆయన తల్లి, పేరు తెలీదు, అందరూ నానీ అంటారు. పక్కింటి కుంటాయన సలీజ్…”

నూకాలు సరుకుల చీటీ వెనక రాసుకోవడం మొదలుపెట్టింది. ఎందుకు రాస్తోందో ఆమెకు తెలీదు. నలభై మూడో పేరు దగ్గర ఫోన్ ఆగిపోయింది. మళ్ళీ చేస్తే మోగలేదు.

వరండాలోంచి ఎర్నమ్మ కేకేసింది. “ఏటంటాదే? బస్సు బేగి ఎక్కమని చెప్పినావా?”

* * *

బస్సు పదిహేడు మందిని లోయ దాటించింది. బర్నాబి విమానాశ్రయంలో వాళ్ళు తల్లుల వైపు చూడకుండా దిగారు.

లోయ గురించి పత్రికల్లో మూడు రోజులు వచ్చింది. ఇద్దరు కర్నళ్ళూ కలిసి ఒకే ప్రకటన చేశారు. ఒప్పందాన్ని ఎవరూ ఉల్లంఘించలేదని అందులో ఉంది. అది నిజం. రెండు సైన్యాలూ ఒకదాని మీద ఒకటి ఒక్క గుండూ పేల్చుకోలేదు. పేల్చినవన్నీ లోయ జనం మీదే. విచారణకు వెళ్ళినవాళ్ళకు వేణి దొరకలేదు, నోటుపుస్తకం దొరకలేదు. లోయలో అప్పటికే నదికి మట్టికట్ట వేసి నీళ్ళు నింపుతున్నారు.

నూకాలు పద్నాలుగు పేజీల నివేదిక రాసి ఉపసంఘానికి పంపింది. కింద నలభై మూడు పేర్లు రాసింది. ఉపసంఘం రెండు నెలలన్నది ఐదు నెలలు తీసుకుంది. రెండో ముల్లు చూపేది సంతకం చేసేవాళ్ళ సొంత ఆలోచన గనక దాన్ని బల్ల మీద పెట్టకూడదని తేల్చింది. యంత్రంలో ఉండవచ్చు, దాని మీద మూత ఉండాలి. ఈ తీర్పు వచ్చిన నెలలోనే యంత్రాలు కావాలని పదకొండు చోట్ల నుంచి ఉత్తరాలు వచ్చాయి. అంత గిరాకీ ఇంతకుముందెప్పుడూ లేదు. తుర్మన్ లోయలో అది దేనికి పనికొచ్చిందో అందరూ చూశారు. మండలి భద్రతా సంఘంలో బర్నాబికి స్థానం దొరికింది. ఆ రోజు ఓడరేవులో అన్ని పడవల మీదా జెండాలు కట్టారు.

ఎర్నమ్మ కొడుకుతో మాట్లాడడం మానేసింది. ఆదివారం అన్నం మాత్రం వడ్డిస్తుంది. పెరటి గది ఖాళీగా ఉంది.

నూకాలు యంత్రం పని మానేస్తానని ఒకసారి అంది.

“మానెయ్యి,” అన్నాడు గవరయ్య. ఆయన జుట్టు ఆ ఏడాదిలో పూర్తిగా నెరిసింది. “నువ్వు మానేస్తే ఆ పని ఇంకొకడు నేర్చుకుంటాడు. వాడికి మూత కింద ఏముందో కూడా తెలీదు. అక్కడ నిలబడ్డ పిల్లల్ని ముందు రోజైనా వెనక్కి పిలవాలంటే, ఆ మూత తీసి చూసేవాళ్ళు ఒకరుండాలి.”

“బస్సు కోసమా?”

“బస్సు కోసమే.”

ఆమె వెళ్ళి పట్టీలు పెట్టెలో సర్దింది.

తర్వాతి ఒప్పందం సముద్రం అవతల ఒక హోటల్లో. ఇద్దరు ప్రతినిధులు, పద్దెనిమిది నిబంధనలు, మధ్యలో ఒక పొడుగు బల్ల. మొదటి ప్రతినిధి యాభై ఏళ్ళ మనిషి. కోటు జేబులో మనవరాలి ఫొటో పెట్టుకున్నాడు. టీ వచ్చినప్పుడు దాన్ని అందరికీ చూపించాడు, నూకాలుకు కూడా. పాపకు పళ్ళు వస్తున్నాయట. నూకాలు బాగుందంది. తర్వాత అతని వెనక నిలబడి, జుట్టు పక్కకు తీసి, పట్టీ బిగించడం మొదలుపెట్టింది. అతనికి ఇది మొదటిసారి. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

“నొప్పి ఉంటుందా డాక్టర్?” అని అడిగాడు.

“మీకు ఉండదు,” అంది నూకాలు.